ప్రతి దస్తఖత్‌కీ ఒక తారీఖ్

ఉర్దూలో 'తారీఖ్' అనే లఫ్జ్‌కి రెండు మానేలున్నాయి. 'ఆజ్ క్యా తారీఖ్ హై' అంటే ఇవాళ తేదీ ఎంత అని అడగడం. 'దక్కన్ కీ తారీఖ్' అంటే దక్కన్ చరిత్ర. మా ఉర్దూ మీడియం బళ్లో నోటుబుక్కు అట్ట మీద సబ్జెక్టు పేరు తారీఖ్ అని రాసేవాళ్లం. లోపల పేజీ మూలన తేదీ వేసేచోట కూడా తారీఖ్ అనే రాసేవాళ్లం. ఒక సంతకం అసలుదా, నకిలీదా అని తేల్చాల్సి వచ్చినప్పుడు ఈ రెండు మానేలూ ఒకటైపోతాయి. అది ఏ తేదీన పెట్టింది? ఆ తేదీనాటికి ఆ మనిషి జిందగీ ఎలా ఉంది? ఈ రెండు సవాళ్లకూ జవాబు లేకుండా అక్షరాల వంపులు ఎంతసేపు చూసినా ఫాయిదా లేదు.

సంతకాన్ని ఉర్దూలో దస్తఖత్ అంటాం. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి, అరబీలో ఖత్ అంటే రాత. తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు 'దస్కత్' అనేది దీన్నే. అసలు, నకలు అని మనం రోజూ వాడే తెలుగు మాటలు కూడా అరబీ నుంచి వచ్చినవే. కాబట్టి ఈ మస్లా మనకు కొత్తదేం కాదు. భూమి దస్తావేజులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి ఇంటికీ తెలిసిందే. అయితే ఇప్పుడు చెప్పబోయేది భూమి కాగితాల గురించి కాదు. ఒక బాక్సర్ దస్తఖత్ గురించి. ఆయన మహమ్మద్ అలీ.

మషూర్ ఆటగాళ్లు వాడిన వస్తువులకు, వాళ్లు సంతకం చేసిన వస్తువులకు అమెరికాలో పెద్ద బజారుంది. 1964లో సోనీ లిస్టన్‌ని ఓడించిన రోజు అలీ తొడుక్కున్న గ్లోవ్స్ 2014లో నీలాంకి వస్తే 8,36,500 డాలర్లు పలికాయి. 1974లో జార్జ్ ఫోర్‌మన్ మీద గెలిచి దక్కించుకున్న చాంపియన్‌షిప్ బెల్టు 2022లో 60 లక్షల డాలర్లు దాటింది. ఇలాంటి వస్తువులు ఒకటి రెండే ఉంటాయి. సంతకాలు అలా కాదు. ఫొటో మీద, గ్లోవ్ మీద, పోస్టర్ మీద, చిత్తు కాగితం మీద ఎన్నైనా ఉండొచ్చు. ఒక పెన్ను, కాస్త సాధన ఉంటే ఇంకెన్నైనా పుట్టించొచ్చు. పైసా ఎక్కడుంటే జాల్‌సాజ్ అక్కడుంటాడు.

మామూలుగా మనం సంతకాన్ని ఎలా పోల్చుకుంటాం? అసలుదొకటి పక్కన పెట్టుకుని, రెండూ ఒకేలా ఉన్నాయా అని చూస్తాం. బ్యాంకు క్లర్కు చేసే పని అదే. కానీ రెండు దస్తఖత్‌లు మరీ హూబహూ ఒకేలా ఉంటే అది మంచి లక్షణం కాదు, షక్‌కి మొదటి కారణం. ఈ మాట అదాలత్‌లో లెక్కలతో సహా వినిపించిన కేసు ఒకటుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సిల్వియా ఆన్ హౌలాండ్ అనే ధనవంతురాలు 1865లో చనిపోయింది. ఆమె వీలునామా మీద సోదరి కూతురు హెట్టీ రాబిన్‌సన్ కోర్టుకెక్కింది. తన దగ్గరున్న కాగితం ప్రకారం ఆస్తంతా తనదేనంది. దాని మీద సిల్వియా దస్తఖత్ ఉంది. అయితే అది సిల్వియా పెట్టిన ఇంకో సంతకంతో గీతకు గీత సరిపోయింది. అప్పుడు హార్వర్డ్ గణిత శాస్త్రవేత్త బెంజమిన్ పియర్స్, ఆయన కొడుకు చార్లెస్ పియర్స్ గవాహీ ఇచ్చారు. సిల్వియా పెట్టిన 42 అసలు సంతకాలు తీసుకున్నారు. ఒక్కో సంతకంలో పైనుంచి కిందికి దిగే గీతలు 30. ప్రతి జతనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. మామూలుగా అయిదు గీతల్లో ఒకటి మాత్రమే సరిగ్గా కలుస్తోంది. మొత్తం 30 గీతలూ దానంతట అవే కలిసే అవకాశం ఎంత? అయిదును 30 సార్లు వేసుకుని గుణిస్తే వచ్చే సంఖ్యలో ఒక వంతు. అంటే లేనట్టే. కోర్టు చివరికి వేరే చట్టపరమైన కారణంతో హెట్టీకి వ్యతిరేకంగా ఫైసలా ఇచ్చింది. కానీ పియర్స్‌లు చూపించిన ఉసూల్ నిలిచిపోయింది. బతికున్న మనిషి చెయ్యి ఒకే సంతకాన్ని రెండుసార్లు పెట్టదు. అచ్చుపోసినట్టు ఉందంటే, అది అచ్చే.

కాబట్టి కొలత పట్టి పోల్చడం ఒక్కటే సరిపోదు. ముందుగా ఆ వస్తువునే నిలదీయాలి. ఎందుకంటే మనిషి అబద్ధం ఆడినా, వస్తువుకి తన సొంత తారీఖ్ ఉంటుంది.

బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ 1948 ఆగస్టు 16న చనిపోయాడు. ఆ కాలంలో అమెరికన్ లీగ్ అధికారిక బంతుల మీద లీగ్ అధ్యక్షుడి పేరు ముద్ర వేసేవారు. విలియం హారిడ్జ్ 1931 నుంచి 1959 దాకా అధ్యక్షుడు. ఆయన తరువాత జో క్రోనిన్ వచ్చాడు. క్రోనిన్ ముద్ర ఉన్న బంతి మీద రూత్ సంతకం కనిపించిందనుకోండి, ఇక అక్షరాల జోలికి పోనక్కర్లేదు. రూత్ పోయిన పదేళ్లకు పైగా గడిచాక తయారైన బంతి అది. సంతకం ఎంత అందంగా ఉన్నా సరే, కబర్‌లోంచి లేచొచ్చి ఎవరూ దస్తఖత్ చెయ్యరు కదా!

ఖలానికీ అంతే. బాల్ పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబర్ చివర్లో. ఇవాళ ఆటగాళ్లందరి చేతుల్లో కనిపించే షార్పీ మార్కర్ వచ్చింది 1964లో. అలీ 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. ఆ రోజుల్లోనే పెట్టిన సంతకమని చెప్పి షార్పీ సియాహీతో ఉన్న ఫొటో అమ్మకానికి పెడితే, అమ్మేవాడి కహానీ అక్కడికక్కడే కూలిపోతుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. పాత ఫొటో మీద కొత్తగా సంతకం చెయ్యొచ్చు. 1965 మే 25న లిస్టన్‌ని మొదటి రౌండ్‌లోనే పడగొట్టి, అతని మీద నిలబడి గద్దిస్తున్న అలీ ఫొటో మీరు చూసే ఉంటారు. నీల్ లైఫర్ తీసింది. ఆ ఫొటో ప్రింట్ల మీద అలీ ఎన్నో ఏళ్ల తరువాత కూడా సంతకాలు చేశాడు. కాబట్టి ఫొటో తీసిన తారీఖ్ వేరు, ప్రింటు తారీఖ్ వేరు, దస్తఖత్ తారీఖ్ వేరు. ఈ మూడింటికీ పొత్తు కుదరాలి.

ఇక అలీ విషయంలో పరీక్ష ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. ఎందుకంటే ఈ మనిషి పేరే మారింది.

1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు కాసియస్ మార్సెలస్ క్లే జూనియర్. నాన్న పేరే కొడుక్కి పెట్టారు. ఆ నాన్న దుకాణాలకు సైన్‌బోర్డులు రాసే పెయింటర్. అంటే అక్షరాలు దిద్ది రోటీ సంపాదించిన ఇంట్లో పుట్టినవాడు అలీ. కాసియస్ మార్సెలస్ క్లే అనేది పందొమ్మిదో శతాబ్దంలో అదే కెంటకీలో బతికిన ఒక తెల్లాయన పేరు. ఆయన గులామీకి వ్యతిరేకంగా పోరాడినవాడే. అయినా సరే, నల్లవాళ్ల ఇళ్లలోకి తెల్లవాళ్ల పేర్లు వచ్చిన దారి గులామీ దారే కదా అన్నది కొడుకు వాదన.

1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో లిస్టన్‌ని ఓడించి ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వెంటనే నేషన్ ఆఫ్ ఇస్లామ్‌లో ఉన్నట్టు బాహాటంగా ప్రకటించాడు. కొన్ని రోజులపాటు కాసియస్ ఎక్స్. మార్చి 6న ఎలైజా మహమ్మద్ ఆయనకు మహమ్మద్ అలీ అని పేరు పెట్టాడు. తరువాత 1975లో అలీ సున్నీ ఇస్లామ్ వైపు వచ్చాడు. పేరు మాత్రం మళ్లీ మారలేదు.

పేరు మార్చుకోవడం ఒక ఎత్తు, మార్చుకున్న పేరుతో పిలిపించుకోవడం ఇంకో ఎత్తు. న్యూయార్క్ టైమ్స్ సహా చాలా పత్రికలు ఏళ్ల తరబడి ఆయన్ని క్లే అనే రాశాయి. తోటి బాక్సర్లు కూడా జిద్దు పట్టి క్లే అన్నారు. అలా అన్న ఎర్నీ టెరెల్‌తో 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్‌లో తలపడ్డాడు. పదిహేను రౌండ్లు. ముక్కా ముక్కాకీ నడుమ 'నా పేరేంటి' అని అడుగుతూ కొట్టాడు. చూసినవాళ్లు మరీ బేరహ్మీగా కొట్టాడని తప్పుబట్టారు. అది నిజమే. కానీ ఆ సవాల్ టెరెల్ ఒక్కడికే కాదు, స్కోరు రాస్తున్న పత్రికలవాళ్లకు కూడా.

ఈ తారీఖ్ తెలిసినవాడికి దస్తఖత్‌ని పరీక్షించడానికి ఒక గట్టి ఆధారం దొరుకుతుంది. 1962 ఫైటు పోస్టర్ మీద ఆనాడే పెట్టిన సంతకమని చెబుతూ 'మహమ్మద్ అలీ' అని ఉంటే కుదరదు. 1966లో అభిమానికి ఇచ్చిన ఫొటో అని చెబుతూ 'కాసియస్ క్లే' అని ఉంటే అనుమానించాలి. ఆ పేరుతో పిలిచినవాళ్ల మీద కోపంతో రగిలిపోతున్న రోజుల్లో, ఎవరో అడిగారని అదే పేరు రాసిచ్చాడా? అయితే ఇక్కడ కూడా చివరి మాట అనడానికి లేదు. బాక్సింగ్ మానేసిన చాలా ఏళ్లకు, డబ్బు ఇచ్చి సంతకాలు చేయించుకునే సభల్లో, గిరాకీ కోసం కొన్ని వస్తువుల మీద ఆయన కాసియస్ క్లే అని కూడా సంతకం చేశాడు. అవి అసలువే. కాకపోతే అవి పెద్దవయసు చేతిరాతతో ఉంటాయి. పేరు 1960 నాటిది, చెయ్యి 1990 నాటిది. నఖల్ చేసేవాడు ఈ తేడా గమనించక పేరుతో పాటు చేతిని కూడా కలగాపులగం చేస్తాడు.

చెయ్యి గురించి ఇంకా చెప్పాలి. అలీ సంతకాన్ని పాతికేళ్ల వయసు నుంచి వరుసగా పేర్చి చూస్తే ఒక మనిషి జిందగీ కనిపిస్తుంది. అరవైల్లో అక్షరాలు విడివిడిగా, చదవడానికి వీలుగా ఉంటాయి. డెబ్బైల్లో రఫ్తార్ వస్తుంది. లక్షల మంది చుట్టుముట్టే మనిషి ఖలం ఎలా పరుగెత్తుతుందో అలా. 1981 డిసెంబర్‌లో ఆఖరి ఫైటు. 1984లో పార్కిన్‌సన్స్ బీమారీ ఉందని డాక్టర్లు తేల్చారు. ఆ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుంది. రాసేకొద్దీ అక్షరాలు కుంచించుకుపోతాయి, చెయ్యి బిగుసుకుంటుంది, వణుకుతుంది. అలీ దస్తఖత్‌లో అదంతా నమోదైంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తో జ్యోతి వెలిగిస్తుంటే ప్రపంచం ఊపిరి బిగబట్టి చూసింది. ఆ వణుకే కాగితాల మీద కూడా ఉంది.

సంతకాల పరీక్షలో మామూలుగా వణుకు అంటే దొంగతనానికి గుర్తు. తన పేరు తాను రాసుకునేవాడు ఆలోచించడు, ఖలం ఆగదు. ఇంకొకరి పేరు బొమ్మలా గీసేవాడు మలుపు దగ్గర తడబడతాడు, పెన్ను ఎత్తి మళ్లీ పెడతాడు, గీత చివర సన్నబడకుండా మొద్దుగా ఆగిపోతుంది. మరి అలీ చివరి ముప్పై ఏళ్ల సంతకంలో వణుకే అసలుకి గుర్తు. 2005 నాటి సంతకమని చెప్పి డెబ్బైల నాటి జోరుతో ధీమాగా పారే దస్తఖత్ చూపిస్తే, ఆ అందమే దాన్ని పట్టిస్తుంది. అందుకే తేదీ తెలియకుండా వణుకు మంచిదా చెడ్డదా అని చెప్పలేం.

1980 మొదట్లో అలీ ఇండియాకి వచ్చాడు. మద్రాసులో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ బౌట్ ఆడాడు. ఎం.జి.ఆర్. కూడా హాజరయ్యారు. ఆ పర్యటనలో తీసుకున్న ఆటోగ్రాఫ్ అంటూ మీకు ఎవరైనా ఒక పుస్తకం చూపిస్తే ఏం అడగాలో ఇప్పుడు మీకు తెలుసు. పేరు మహమ్మద్ అలీ అనే ఉండాలి. జబ్బు తేలడానికి నాలుగేళ్ల ముందు మాట కాబట్టి చివరి రోజుల్లోలా అక్షరాలు ముడుచుకుని ఉండకూడదు. ఆ పుస్తకంలో ముందూ వెనకా ఎవరెవరి సంతకాలున్నాయి, అవి ఆ కాలానికి చెందినవేనా అన్నది కూడా చూడాలి. చివరిగా, ఆ పుస్తకం ఎవరి ఇంట్లోంచి ఎవరి చేతికి వచ్చిందన్న సిల్సిలా కావాలి. మధ్యలో ఒక కడియం తెగినా కీమత్ పడిపోతుంది.

సిల్సిలా స్థానంలో బజారు సర్టిఫికెట్‌ని తెచ్చి పెట్టింది. దాని సంగతి తొంభైల్లో బయటపడింది. శాన్ డియెగో కేంద్రంగా ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' అని ఒక తఫ్తీష్ నడిపింది. గ్రెగ్ మరీనో అనే మనిషి ఆటగాళ్ల సంతకాలు కారఖానా స్థాయిలో పుట్టించేవాడు. బేబ్ రూత్, మికీ మాంటిల్... ఎవరివి కావాలంటే వాళ్లవి. అతనికి చెయ్యి వణకదు, మలుపు దగ్గర తడబడడు. అంత సాధన. అతని వెనక అమ్మేవాళ్లు, వాళ్ల వెనక 'ఇది అసలుదే' అని సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు, అంతా ఒకే ముఠా. 1999 అక్టోబర్‌లో ఒకేసారి చాలాచోట్ల సోదాలు చేస్తే వేల కొద్దీ నకిలీ వస్తువులు దొరికాయి. వాటిలో మదర్ థెరిసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! కలకత్తాలో రోగుల మధ్య తిరిగిన ఆ తల్లి బంతుల మీద ఎందుకు సంతకాలు చేస్తుందని అమ్మినవాడికీ తోచలేదు, కొన్నవాడికీ తోచలేదు. ఆపరేషన్ మొత్తంలో 60 మందికి పైగా దోషులుగా తేలారు. ఈ దర్యాప్తులో సాయపడినవాళ్లలో టోనీ గ్విన్ అనే బేస్‌బాల్ ఆటగాడు ఒకడు. తన పేరుతో దుకాణంలో అమ్ముతున్న సంతకాలు తనవి కావని తానే పట్టుకున్నాడు.

ఆ దెబ్బతో 2001లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ కొత్త పద్ధతి పెట్టింది. సంతకాన్ని తరువాత చూసి అసలుదని చెప్పడం కాదు, పెడుతున్నప్పుడు పక్కన నిలబడి కళ్లారా చూసిన గవాహ్ ఉండాలి. అప్పటికప్పుడు నంబరు ఉన్న హోలోగ్రామ్ అంటించాలి, పీకితే చిరిగిపోయేది. వందేళ్ల తజుర్బా తరువాత సైన్సు, వ్యాపారం తిరిగి తిరిగి చేరిన చోటు చూడండి. మన ఊళ్లలో ప్రామిసరీ నోటు మీద ఇద్దరు సాక్షులు సంతకం పెట్టే పాత పద్ధతి దగ్గరికే.

కానీ అలీ అసలు సంతకాల్లో చాలావాటికి ఇలాంటి గవాహ్ ఎవరూ లేరు. కారణం ఆయన వాటిని అమ్మకానికని పెట్టలేదు. మిషిగన్ రాష్ట్రం బెరియన్ స్ప్రింగ్స్‌లో ఇంట్లో కూర్చుని ఇస్లామ్ గురించిన చిన్న చిన్న కరపత్రాల మీద గంటల తరబడి సంతకాలు చేసేవాడు. చాలాసార్లు తేదీ కూడా వేసేవాడు. కట్టలు కట్టి సంచిలో పెట్టుకుని ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్లలో ఎదురైన అజ్నబీలకు ముఫ్త్‌గా పంచేవాడు. సంతకం కోసమైనా కాగితం దాచుకుంటారు, దాచుకుంటే ఎప్పుడో ఒకనాడు చదువుతారన్నది ఆయన హిసాబు. ముఫ్త్‌గా ఇచ్చిన ఆ కరపత్రాలే ఇవాళ నీలాంలలో అమ్ముడవుతున్నాయి.

ఇంకో విచిత్రం కీమత్‌ది. అరుదుగా దొరుకుతుంది కాబట్టి ఆ తొలి రోజుల 'కాసియస్ క్లే' సంతకానికి రేటు ఎక్కువ. మహమ్మద్ అలీ సంతకాల్లో వణుకు లేనివాటికి రేటు ఎక్కువ, చివరి రోజులవాటికి తక్కువ. గులామీ పేరని ఆయన వదిలేసిన పేరు ఖరీదైనది. బిగుసుకుపోయిన వేళ్లతో, ఒక్కో అక్షరానికీ కష్టపడి రాసిన ఎంచుకున్న పేరు చవక. బజారు అరుదైనదాన్ని తూస్తుంది, కష్టాన్ని తూచే తరాజు దాని దగ్గర లేదు. అందుకే అసలా నకలా అనే సవాల్‌ని బజారుకి వదిలేస్తే సగం జవాబే వస్తుంది. ఈ సంతకం అమ్ముడవుతుందా అని అది అడుగుతుంది. ఈ మనిషి ఆ రోజు ఇలా రాసి ఉంటాడా అన్నది తారీఖ్ అడిగే సవాల్.

ఆ సవాల్‌కి అన్నిటికంటే సాఫ్‌గా జవాబు చెప్పే కాగితం ఒకటి 2025లో క్రిస్టీస్ నీలాం సంస్థ దగ్గరికి వచ్చింది. అది 1967 నాటి అలీ డ్రాఫ్ట్ కార్డు. వియత్నాం యుద్ధం కోసం ఫౌజ్‌లో చేరే లెక్కలో ఆయన ఉన్నాడని హుకూమత్ ఇచ్చిన కాగితం. దాని మీద ఆయన పాత పేరు, కొత్త పేరు రెండూ టైపు చేసి ఉన్నాయి. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిస్తే అలీ ముందుకు అడుగు వెయ్యలేదు. బెల్టు లాగేసుకున్నారు, లైసెన్సులు రద్దు చేశారు, అయిదేళ్ల ఖైదు విధించారు. అప్పీలు మీద బయట ఉన్నా, దాదాపు మూడున్నరేళ్లు రింగ్‌లోకి దిగలేకపోయాడు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు ఎనిమిది మంది జడ్జీల ఏకాభిప్రాయంతో శిక్షను కొట్టేసింది. ఆ కేసు ఫైలు మీద కూడా ముందున్నది క్లే అనే పేరే.

ఆ డ్రాఫ్ట్ కార్డులో సంతకం చేయాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ. నీలాం వాళ్లు దానికి వేసిన అంచనా 30 నుంచి 50 లక్షల డాలర్లు. అలీ పేరుతో ఉన్న వేల సంతకాలను జాల్‌సాజ్‌లు నఖల్ చెయ్యగలిగారు. ఈ కార్డులో ఉన్నది నఖల్ చెయ్యడానికి మాత్రం ఏ చేతికీ వీలు కాదు. పెన్ను చేతికి అందించినప్పుడు ఇంకార్ చెయ్యడం, ఆ ఇంకార్‌కి మూడున్నరేళ్ల జవానీ చెల్లించడం, అది ఆయన ఒక్కడి దస్తూరి.